కుట్లు తీసిన తర్వాత కూడా మోకాలు వేడిగానే ఉంటుంది: ఆ మాట ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారాలు.

మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నవారు మర్నాడే వాకర్ పట్టుకుని నడవగలుగుతున్నారని మీ ఆరోగ్య పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అందులో రాసినదంతా నిజమే. నా కుడి మోకాలికి ఆ శస్త్రచికిత్స జరిగిన మర్నాటి మధ్యాహ్నం నేనూ మంచం దిగి గది తలుపు దాకా నడిచాను. అయితే ఆ తలుపు దాటి మళ్లీ నా పనులు నేను చేసుకునే స్థితికి రావడానికి పట్టిన నాలుగు నెలల గురించి ఆ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు చేతికిచ్చిన కాగితంలోనూ లేదు. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించినదాన్ని కాబట్టి, నా ఒంట్లో ఏం జరుగుతోందో పుస్తకాలు తిరగేసి తెలుసుకోగలిగాను. ఆ వీలు లేనివారి కోసం, వారికి చెప్పవలసిన బాధ్యత ఉన్నవారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

కుట్లు తీయించుకుని వచ్చిన నాలుగో రాత్రి, అంటే శస్త్రచికిత్స జరిగిన 18వ రోజు, రెండు గంటల వేళ మెలకువ వచ్చింది. మోకాలి మీద చెయ్యి వేస్తే జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు తాకినట్టు అనిపించింది. ఎడమ మోకాలు చల్లగానే ఉంది. కుడిది మాత్రం చిప్ప ఆనవాలు తెలియనంతగా ఉబ్బి, చర్మం బిగుసుకుని లైటు వెలుతురులో మెరుస్తోంది. థర్మామీటరు పెట్టుకుంటే జ్వరం లేదు. కుట్ల చోటు పొడిగానే ఉంది. అయినా లోపల చీము పట్టిందన్న భయంతో మావారూ నేనూ తెల్లవార్లూ కూర్చునే ఉన్నాం. పొద్దున్నే ఆటోలో ఆసుపత్రికి వెళితే డాక్టరుగారు మోకాలిని నొక్కి చూసి, వంచి చూసి, రక్తపరీక్ష చేయించి, ‘ఇది మామూలేనమ్మా, ఇంకా కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది’ అన్నారు. ఆయన చెప్పింది సరైన మాటే. శస్త్రచికిత్సకు ముందే ఆ మాట చెప్పి ఉంటే ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర ఉండేది. ఆ నిద్ర కూడా వైద్యంలో భాగమేనన్నదే నేను ఇక్కడ చెప్పదలచుకున్న విషయం.

మోకాలి మార్పిడిలో తొడ ఎముక చివరను, కాలి ఎముక పై భాగాన్ని కొన్ని మిల్లీమీటర్ల మేర కోసి, వాటి మీద లోహపు తొడుగులు బిగించి, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. మనకు అది మేలు కోరి చేయించుకున్న చికిత్స. శరీరానికి మాత్రం అది ఎముక విరగడంతో సమానమైన గాయమే, ప్రమాదంలో తగిలిన దెబ్బకు ఎలా స్పందిస్తుందో దీనికీ అలాగే స్పందిస్తుంది. గాయపడిన చోటు నుంచి నరాల ద్వారా వార్త అందగానే మెదడులోని హైపోథలామస్ పీయూష గ్రంథిని, అది మూత్రపిండాల పైన ఉండే అధివృక్క (అడ్రినల్) గ్రంథులను ప్రేరేపిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. అడ్రినలిన్ కూడా విడుదలై గుండె వేగాన్ని, రక్తపోటును, రక్తంలో చక్కెరను పెంచుతుంది. మరోవైపు, కోసిన ఎముక నుంచి, మూలుగ నుంచి, చుట్టూ ఉన్న కండ నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన దూతలు రక్తంలోకి వస్తాయి. ఇవి కొద్ది గంటల్లోనే పెరిగి, దాదాపు ఒక రోజుకు తారస్థాయికి చేరతాయి. వీటి ప్రేరణతోనే కాలేయం సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను, అంటే పరీక్షా కేంద్రాల్లో సీఆర్‌పీ అని రాసే పదార్థాన్ని, పెద్ద మొత్తంలో తయారుచేస్తుంది.

ఈ సీఆర్‌పీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన విశాఖలో అనేక కుటుంబాలు డాక్టరు రాయకపోయినా సొంతంగా ఈ పరీక్ష చేయించి హడలిపోతున్నాయి. ఆరోగ్యవంతులలో ఇది లీటరుకు 5 లేదా 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది, పరీక్ష కాగితం మీద అచ్చయ్యేదీ ఆ పరిమితే. కాని మోకాలి మార్పిడి జరిగిన రెండో, మూడో రోజున అది 100 దాటడం సర్వసాధారణం. ఆ తర్వాత మొదట వేగంగా, పిదప నెమ్మదిగా తగ్గుతూ, చాలామందిలో 6 నుంచి 8 వారాల లోపు మామూలు స్థాయికి వస్తుంది. వాపును సూచించే మరో రక్తపరీక్ష ఈఎస్ఆర్ అయితే నెలల తరబడి ఎక్కువగానే ఉండవచ్చు. గాజువాకలో ఉండే మా బంధువు ఒకాయన మూడో రోజు వచ్చిన సీఆర్‌పీ అంకె చూసి, కొత్త మోకాలు కుళ్లిపోయిందని కొడుకుల చేత ఫోన్లు చేయించారు. ఇక్కడ చూడవలసింది ఒక్కరోజు అంకెను కాదు, అది దిగుతోందా లేక దిగినది మళ్లీ ఎక్కుతోందా అన్నదాన్ని. అది తేల్చవలసినవారు మన కాలు చూసిన డాక్టరు.

ఎర్రదనం, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ ఒకచోట చేర్చి రాశాడు. ఈ నాలుగింటినీ మనం రోగంగానే చూడటానికి అలవాటుపడ్డాం. కాని గాయం మానే పని మొదలయ్యేది వాటితోనే. చచ్చిన కణాలను తొలగించే తెల్లకణాలు అక్కడికి చేరాలంటే రక్తనాళాలు వెడల్పు కావాలి, ద్రవం ఊరాలి. అందుకే వాపు, అందుకే వేడి. పని ముగిశాక ఈ వాపును, వేడిని చల్లార్చడానికి కూడా శరీరం ప్రత్యేకమైన పదార్థాలను తయారుచేసుకుంటుంది. మోకాలి మార్పిడి తర్వాత ఈ చల్లారే దశ నెలల మీద నడుస్తుంది, కనుక ఆపరేషన్ అయిన మోకాలు మూడు నెలలైనా రెండోదానికన్నా వెచ్చగా తగలడం అసాధారణమేమీ కాదు.

ఇక్కడ మా విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటి గుర్తొస్తోంది. కార్టిసాల్ వాపును తగ్గించే హార్మోను కదా, ఒత్తిడిలో అది పెరిగితే మంచిదే కదా అని. అడ్రినల్ హార్మోన్ల మీద చేసిన కృషికి 1950లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చిన మాట నిజమే. వాపును తగ్గించే ఆ గుణం కోసమే శస్త్రచికిత్స సమయంలో మత్తు డాక్టర్లు చాలాసార్లు, కార్టిసాల్ లాగే పనిచేసే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఒక మోతాదు ఇచ్చి, తర్వాత వచ్చే నొప్పిని, వాంతులను తగ్గిస్తారు. కాని కొన్ని గంటల మేలు వేరు, వారాల తరబడి సాగే ఒత్తిడి వేరు. కార్టిసాల్ ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే, గాయం దగ్గరకు చేరవలసిన కణాలకు అందే పిలుపు బలహీనపడుతుంది, చక్కెర పెరుగుతుంది, కండ కరుగుతుంది. మందుల షాపులో నొప్పి బిళ్లలంటూ చేతికిచ్చే స్టెరాయిడ్లను ఏళ్ల తరబడి మింగి శస్త్రచికిత్సకు వెళ్లేవారు ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. శస్త్రచికిత్సకు ముందు మూడు నెలల లోపు మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నవారూ దాచకూడదు. ఆ స్టెరాయిడ్ల వల్ల కొత్త కీలుకు సూక్ష్మజీవులు సోకే ప్రమాదం పెరుగుతుంది.

మనసులోని ఒత్తిడి గాయాన్ని తాకుతుందనడానికి 1995లో అమెరికాలోని ఒహైయోలో మనస్తత్వ శాస్త్రవేత్త జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం చేసిన అధ్యయనాన్ని ప్రస్తావించాలి. మతిమరుపు జబ్బున్న ఇంటివారికి సేవచేస్తున్న 13 మంది స్త్రీలకు, అటువంటి భారం లేని మరో 13 మందికి చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, అది మానేదాకా గమనించారు. సేవచేస్తున్నవారి గాయం మానడానికి సుమారు 9 రోజులు ఎక్కువ పట్టింది. అది చర్మం మీది గాయం, కీలు కాదు, అందులో పాల్గొన్నవారి సంఖ్య కూడా చిన్నదే. అయినా నేను దానిని మరిచిపోలేకపోతున్నాను. మన ఇళ్లలో మోకాళ్లు అరిగి ఆపరేషన్ బల్ల ఎక్కుతున్న ఆడవాళ్లలో ఎందరో, పక్షవాతం వచ్చిన భర్తకో మంచాన పడ్డ అత్తగారికో ఏళ్ల తరబడి సేవచేసి అలిసిపోయి వచ్చినవారే. ‘ఇంట్లో మీకు చేసిపెట్టేవారు ఎవరున్నారమ్మా, మీరు ఎవరికి చేస్తున్నారమ్మా’ అన్న ప్రశ్న షుగరు పరీక్షతో పాటు అడగవలసినదని నా గట్టి అభిప్రాయం.

షుగరు గురించి ఒక్క మాట. మధుమేహం లేనివారికి కూడా శస్త్రచికిత్స తర్వాత కొద్దిరోజులు ఇన్సులిన్ సరిగా పనిచేయక చక్కెర పెరగవచ్చు. ఉన్నవారికి మరీ పెరుగుతుంది, పెరిగిన చక్కెర తెల్లకణాల శక్తిని తగ్గిస్తుంది. ‘ఏమీ తినకపోయినా షుగరెలా పెరిగింది’ అని ఇంటివారు రోగిని నిలదీయడం నేను చూశాను. తిండి వల్ల కాదు, గాయం వల్ల పెరిగింది.

ఆ మాటకొస్తే తిండి విషయంలోనే మనం అన్నిటికన్నా పెద్ద పొరపాటు చేస్తున్నాం. ఇంటికి రాగానే నాకు మా ఆడపడుచు పథ్యం పెట్టింది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు తింటే నీరు పడుతుంది, వంకాయ సరేసరి. మిగిలింది కారప్పొడి అన్నం, చారు, ఇడ్లీ, బ్రెడ్డు. ఆమె ప్రేమకు వంక పెట్టను, వాళ్ల అమ్మమ్మ కాలం నుంచి విన్న మాటే ఆమె చెప్పింది. అయితే చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లకణాలు, అది కందిపప్పులోంచి రాదు. ఇక గాయపడిన శరీరానికి కావలసిందేమిటో 1930ల తొలినాళ్లలోనే గ్లాస్గో నగరంలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కాలి ఎముకలు విరిగినవారి మూత్రాన్ని పరీక్షిస్తే, గాయం తగిలిన తర్వాత కొన్ని రోజులపాటు మాంసకృత్తులు కరిగితే బయటకు వచ్చే నైట్రోజన్ మామూలుకన్నా ఎక్కువగా పోతున్నట్టు తేలింది. విరిగిన చోటి కండే కాదు, ఒంట్లోని కండ అంతా కరిగి, అందులోని మాంసకృత్తులు గాయం మాన్పే పనికి ఖర్చవుతున్నాయన్నమాట. సరిగ్గా అదే సమయంలో మనం రోగికి మాంసకృత్తులు ఆపేస్తున్నాం.

మూత్రపిండాల జబ్బు లేనివారికి, కోలుకునే ఈ రోజుల్లో రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో సుమారు 7 గ్రాములు. లెక్క వేసుకుంటే చారన్నంతో అది ఎన్నటికీ పూర్తికాదని తెలిసిపోతుంది. చేపల రేవు పక్కనే ఉన్న ఊరు మనది. తినేవారికి వంజరం ముక్కో, కానగంతల పులుసో దొరకని రోజు లేదు. తిననివారికి పప్పు, శనగలు, పెరుగు, పాలు, పనీరు ఉన్నాయి. పదో రోజున నేను పథ్యం మానేసి, రెండు పూటలా ముద్దపప్పు, పెరుగు, ఒక గుడ్డు తినడం మొదలుపెట్టాను. మా ఆడపడుచు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమె కూడా పక్కింటివారికి పప్పు పెట్టమనే చెబుతోంది.

ఇక వాపుకూ నడకకూ ఉన్న సంబంధం. మోకాలి మార్పిడి జరిగిన తొలి నెలలో తొడ ముందుభాగపు కండరం తన మునుపటి బలంలో సగానికి పైగా కోల్పోతుంది. దీనికి కండ తగ్గడం ఒక్కటే కారణం కాదు. కీలులో ద్రవం నిండితే, ఆ కీలు నుంచి వెళ్లే నాడీ సంకేతాలు తొడ కండరానికి అందే ఆజ్ఞను అణిచివేస్తాయి. ఏ జబ్బూ లేని మోకాలిలోకి కొద్దిగా ఉప్పునీరు ఎక్కించి చూసిన ప్రయోగాల్లోనూ తొడ కండరం అప్పటికప్పుడు బలహీనపడింది. కాబట్టి కాలు ఎత్తలేకపోతున్న మనిషిని బద్ధకమనో భయమనో తిట్టడం అన్యాయం. అలాగే, మొండిగా మోకాలిని వంచితే త్వరగా దారిలోకి వస్తుందనుకోవడమూ తప్పే. మర్నాటి పొద్దుటికీ వాపు, నొప్పి ముందురోజుకన్నా ఎక్కువగా ఉన్నాయంటే, ముందురోజు చేసిన వ్యాయామం మోతాదు మించిందని అర్థం. అలాగని మానేస్తే కీలు బిగుసుకుపోతుంది. మోతాదు తగ్గించాలి గాని మానకూడదు.

నేను కుట్టుమిషను డబ్బాలోని కొలత టేపు తీసి, రోజూ ఉదయం పళ్లు తోముకున్న వెంటనే రెండు మోకాళ్లనూ చిప్ప మధ్యగా కొలిచి ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. 18వ రోజున కుడిది 43 సెంటీమీటర్లు, ఎడమది 38. ఆరో వారానికి 40కి దిగింది. ఒకసారి ఉత్సాహం కొద్దీ సీతమ్మధార రైతుబజారుకు నడిచి వెళ్లి, గంటసేపు నిలబడి కూరలు ఏరుకుని వచ్చాను. మర్నాడు మళ్లీ 42. మడమ కింద దిండు పెట్టి కాలు ఎత్తుగా ఉంచుకుని, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున నాలుగైదుసార్లు పెట్టుకుంటే రెండు రోజుల్లో దిగింది. మోకాలి కిందే ఎప్పుడూ దిండు ఉంచుకుంటే కాలు పూర్తిగా చాపడం రాకుండా పోతుంది. ఉప్పు మూటతో వేడి కాపడం, నూనె మర్దన ఈ దశలో పనికిరావు. పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే మర్దన ప్రాణాపాయం తేవచ్చు.

పరామర్శలకు వచ్చేవారికి చేతులు జోడించి ఒక మనవి. యాపిల్ పళ్ల సంచీతో పాటు, ‘మా తోడికోడలికి ఇలాగే చేస్తే కాలు వంకరపోయింది’ అన్న కథ మోసుకురాకండి. మోకాలి మార్పిడి చేయించుకున్న ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి నెలలు గడిచినా నొప్పి మిగులుతుంది లేదా తృప్తి కలగదు. ఆందోళన, దిగులు, నొప్పి గురించిన విపరీతమైన భయం ముందునుంచీ ఉన్నవారిలో ఈ పరిస్థితి ఎక్కువగా కనిపిస్తుంది. నిద్ర లేని రాత్రి మర్నాటి నొప్పిని పెంచుతుంది, ఆ నొప్పి మళ్లీ నిద్రను చెడగొడుతుంది. వార్డులో రాత్రి పన్నెండుకు లైట్లు వేసి బీపీ చూడటం తప్పనిసరి అయినప్పుడు చూడవలసిందే. కానీ వరండాలో సెల్‌ఫోన్లలో సినిమా పాటలు పెట్టేవారిని అదుపుచేయడానికి ఖర్చేమీ కాదు.

ఇదంతా చదివి ఏ వాపునైనా మామూలే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ మాట విడిగా చెబుతున్నాను. తగ్గుతున్న నొప్పి తిరిగి పెరుగుతున్నా, కుట్ల చోటు నుంచి నీరు గాని చీము గాని కారుతున్నా, చలితో జ్వరం వచ్చినా, పిక్క బిగుసుకుని నొప్పిపెడుతూ ఉబ్బినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు, అత్యవసర విభాగానికి వెళ్లాలి.

శరీరపు ఒత్తిడి స్పందనను తగ్గిస్తే కోలుకోవడం సులువవుతుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1997లోనే దీనిని ఒక పద్ధతిగా ప్రతిపాదించాడు. రోగికి ముందుగా అన్నీ వివరించడం, నొప్పిని ఒకే మందుతో కాక పలు మార్గాల్లో అదుపుచేయడం, త్వరగా తినిపించడం, త్వరగా నడిపించడం అందులోని అంశాలు. నడుముకు మత్తు ఇవ్వడం, అనవసరంగా గంటల తరబడి కడుపు మాడ్చకుండా ఉండటం కూడా ఈ కోవలోవే. మత్తుకు రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నా, ముందురోజు రాత్రి పది నుంచి చుక్క నీరు ముట్టవద్దన్న మాటే నాకు చెప్పారు. కొందరికి జబ్బును బట్టి వేరే నియమం ఉండవచ్చు, అది మత్తు డాక్టరుగారే నిర్ణయించాలి. కాని ఆ నిర్ణయం మనిషిని చూసి తీసుకున్నదై ఉండాలి.

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి విధించాక ఈ శస్త్రచికిత్స మధ్యతరగతికి కొంత అందుబాటులోకి వచ్చింది. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలుకొని విమ్స్ (విశాఖ వైద్య విజ్ఞాన సంస్థ), ఆరిలోవ చుట్టుపక్కల ఆసుపత్రుల దాకా, వైద్యం కోసం శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం నుంచి, ఒడిశా సరిహద్దుల నుంచి కూడా మన ఊరికి వస్తారు. నేను సీతమ్మధార నుంచి ఆటో ఎక్కాను. 18వ రోజు రాత్రి పాలకొండ దగ్గరి పల్లెలో మోకాలు పట్టుకుని కూర్చున్న మనిషి ఎక్కడికి పోవాలి? అందుకే నగరంలోని ఆసుపత్రుల యాజమాన్యాలను, ఆరోగ్యశాఖ అధికారులను కోరుతున్నాను. మోకాలి, తుంటి మార్పిడికి వచ్చే ప్రతివారినీ, ఇంట్లో వారిని చూసుకోబోయే మనిషితో సహా, శస్త్రచికిత్సకు వారం ముందు ఒక గంట కూర్చోబెట్టి ఈ విషయాలు తెలుగులో చెప్పండి. పెద్ద అక్షరాల కాగితం ఒకటి, రాత్రిపూట కూడా పలికే ఫోన్ నంబరు ఒకటి చేతికివ్వండి.

మా వీధిలో ఒకావిడ వచ్చే నెల ఎడమ మోకాలికి ఈ శస్త్రచికిత్స చేయించుకోబోతున్నారు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచిన మనిషి, ఇప్పుడు గుమ్మం దిగలేకపోతున్నారు. ఆమె కోసం వాపు, వేడి, షుగరు, తిండి, నిద్ర, ఆలస్యం చేయకూడని లక్షణాలు, వీటన్నిటినీ వారాల వారీగా ఒక పేజీలో రాసిచ్చాను, ఒక కొలత టేపు కూడా ఇచ్చాను. ఆ పేజీ ప్రతిని ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఎముకల డాక్టరు చేత, ఫిజియోథెరపిస్టు చేత సరిచూపించి, తప్పులుంటే దిద్దించి, మీ ఆరోగ్య పేజీలో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం.